మెడలో నాలుగు కందిబద్దలు

కవిటి ప్రాంతం నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఈ వారం నా బల్ల మీద వుంది. ఆమె భర్తకు మూత్రపిండాలు చెడిపోయాయి. రెండేళ్ళుగా డయాలసిస్ మీద వున్నారు. ఆమె ఇలా రాశారు:

"మిషను బాధ కంటే ఇప్పుడు ఎముకల నొప్పులే ఎక్కువయ్యాయి. నడుము, తొడలు, మడమలు రాత్రంతా సలుపుతున్నాయి. ఒళ్ళంతా ఒకటే దురద. మందులషాపులో నొప్పి బిళ్ళలు కొని ఇస్తే ఆ పూటకు తగ్గుతుంది. ఎముకలకు బలమని కాల్షియం బిళ్ళలు కూడా వేస్తున్నాం. మొన్న రక్తపరీక్ష చేసి 'పారాథైరాయిడ్ ఎక్కువగా వుంది' అన్నారు. మా ఆయనకు థైరాయిడ్ జబ్బు ఎప్పుడూ లేదు. కిడ్నీకీ, మెడలో గ్రంథికీ ఏమిటి సంబంధం డాక్టరుగారూ?"

మంచి ప్రశ్న. ఒక్క ముక్కలో జవాబు చెప్పడానికి వీల్లేదు. అందుకే ఈ వారం శీర్షిక అంతా ఈ గ్రంథులకే కేటాయిస్తున్నాను. ఒక్క విషయం మాత్రం ముందే చెబుతాను, అమ్మా. ఆ నొప్పి బిళ్ళలు ఇవాళే ఆపండి. ఎందుకో తర్వాత చెబుతాను.

ఏమిటీ గ్రంథులు?

మన గొంతు ముందు భాగంలో సీతాకోకచిలుక ఆకారంలో థైరాయిడ్ గ్రంథి వుంటుందని మీకు తెలుసు. దాని వెనకవైపు అతుక్కుని, రెండు పక్కలా రెండేసి చొప్పున నాలుగు చిన్న గ్రంథులు వుంటాయి. ఒక్కొక్కటి కందిబద్దంత. బరువు 30 నుంచి 50 మిల్లీగ్రాములు. వీటినే పారాథైరాయిడ్ గ్రంథులు అంటారు. పేరులో థైరాయిడ్ వున్నా, పనిలో దానికీ వీటికీ ఏ సంబంధమూ లేదు. ఒకే అరుగు మీద కూచున్న ఇరుగుపొరుగు వాళ్ళ లాంటివి, అంతే.

ఇంత చిన్నవి కావడంతో వైద్యుల కంటికి ఇవి చాలాకాలం ఆనలేదు. 1850 ప్రాంతంలో లండన్ జంతుప్రదర్శనశాలలో చనిపోయిన ఒక ఖడ్గమృగాన్ని కోసి చూసిన రిచర్డ్ ఓవెన్ అనే శాస్త్రజ్ఞుడు మొదట వీటిని గమనించాడు. ఆ ఖడ్గమృగం మన భారతదేశపు జాతిదే. మనిషిలో వీటిని గుర్తించి 1880లో ప్రకటించినవాడు స్వీడన్ దేశపు వైద్యవిద్యార్థి ఇవార్ శాండ్‌స్ట్రామ్. అప్పట్లో ఆయన మాట ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

ఇవి చేసే పని

మన ఒంట్లో సుమారు ఒక కిలో కాల్షియం వుంటుంది. అందులో నూటికి 99 వంతులు ఎముకల్లోనూ పళ్ళలోనూ వుంటుంది. మిగిలిన ఆ కాస్త మీదే గుండె కొట్టుకోవడం, కండరాలు కదలడం, నరాలు పనిచెయ్యడం ఆధారపడి వున్నాయి. రక్తంలో ఇది 100 మిల్లీలీటర్లకు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాముల మధ్యనే వుండాలి. తగ్గినా ముప్పే, పెరిగినా ముప్పే.

ఎముకలను ధాన్యపు గాదె అనుకోండి. రక్తం వంటింట్లో రోజువారీ బియ్యం డబ్బా. పారాథైరాయిడ్ ఆ డబ్బాను కనిపెట్టుకుని వుండే ఇల్లాలు. డబ్బాలో గింజలు తగ్గగానే ఆవిడ మూడు పనులు చేస్తుంది. గాదెలోంచి కొంత తీస్తుంది. బయటికి పోయేదాన్ని, అంటే మూత్రంలో పోయే కాల్షియాన్ని, ఆపుతుంది. ఇక మూడోది, డి విటమిన్‌ను మూత్రపిండాల చేత పదును పెట్టించి, తిన్న తిండిలోంచి పేగులు ఎక్కువ కాల్షియం పీల్చుకునేటట్లు చేస్తుంది. పనిలో పనిగా, అదనంగా వున్న భాస్వరాన్ని మూత్రంలోకి గెంటేస్తుంది. డబ్బా నిండగానే పని ఆపేస్తుంది. ఇదంతా పి.టి.హెచ్. అనే హార్మోను ద్వారా జరుగుతుంది.

ఇల్లాలు సరిగా వున్నంతకాలం మనకు ఆవిడ వున్నట్లే తెలియదు. చిక్కంతా ఆవిడ అదుపు తప్పినప్పుడే.

గ్రంథి తనంతట తాను పెరిగితే

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఇరవై ఏళ్ళ కిందట విజయనగరం జిల్లాలో ఒక చిన్న ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. నలభై అయిదేళ్ళ ఆమె వచ్చింది. "ఒళ్ళంతా సలుపులు బావూ. కూకుంటే లెగలేను, లెగిస్తే నడవలేను. కూడు సయించదు" అంది. నీరసం అనుకున్నాను. నొప్పి బిళ్ళలు, బలానికి మందు, కాల్షియం రాసిచ్చాను. ఏడాదికి మూత్రంలో రాయి అని వచ్చింది. దానికి వేరే మందు ఇచ్చాను. మలబద్ధకం అంది. దానికొకటి. ఎవరితోనూ మాట్లాడడం లేదు, ఊరికే ఏడుస్తోంది అని ఇంటివాళ్ళు అంటే, కాపరంలో ఏదో బాధ అనుకున్నాను. మూడో ఏడు బస్సు దిగుతూండగా తొడ ఎముక పుటుక్కున విరిగింది. పెద్దాసుపత్రికి పంపితే అక్కడి సీనియర్ డాక్టరుగారు నాకు ఫోను చేసి ఒకే ప్రశ్న అడిగారు: "కాల్షియం ఎంతుందో చూశావా?"

నేను చూడలేదు. ఆయన చూశారు. 12.8 వుంది. అంటే కాల్షియం అప్పటికే పొంగిపొర్లుతున్న మనిషికి నేను రెండేళ్ళు కాల్షియం మింగించాను! మెడలో ఒక పారాథైరాయిడ్ ఉసిరికాయంత గడ్డ అయి కూచుంది. అది తీసేశారు. ఏడాది తిరిగేసరికి ఆమె చేతికర్రతో పొలం గట్టు మీద నడిచింది. నాలుగు జబ్బులకు నాలుగు మందులు ఇచ్చాను గాని, అవి నాలుగూ ఒకటే జబ్బు అని నాకు తోచలేదు. ఆ ప్రశ్న మాత్రం ఈనాటికీ నా చెవిలోనే వుంది.

ఈ జబ్బు ఉన్నవారిలో నూటికి ఎనభై మందికి పైగా ఒక్క గ్రంథిలోనే గడ్డ వుంటుంది. అది సాధారణంగా క్యాన్సరు కాదు. క్యాన్సరు అయ్యేది నూటికి ఒకరికన్నా తక్కువ. మగవారి కంటే ఆడవారిలో, అందులోనూ యాభై దాటిన వారిలో ఎక్కువ. పాశ్చాత్య దేశాల్లో ఏ బాధా లేనప్పుడే మామూలు రక్తపరీక్షలో బయటపడుతోంది. మన దగ్గర ఇంకా చాలామంది ఎముక విరిగాకో, రాళ్ళు పుట్టాకో వస్తున్నారు.

ఈ కింది వాటిలో రెండు మూడు కలిసి వుంటే అనుమానించండి:

— నెలల తరబడి తగ్గని ఎముకల నొప్పులు, చిన్న దెబ్బకే ఎముక విరగడం
— మూత్రపిండాల్లో మళ్ళీ మళ్ళీ రాళ్ళు
— మలబద్ధకం, ఆకలి లేకపోవడం, వాంతి వచ్చినట్లుండడం, కడుపునొప్పి
— అతిగా దాహం, అతిగా మూత్రం
— దిగులు, మతిమరుపు, విపరీతమైన నిస్త్రాణ

వీటిలో ఏ ఒక్కటి వున్నా ఈ జబ్బేనని బెదిరిపోకండి. కాల్షియం పరీక్ష చేయించమని అడగండి, చాలు. అది చవకైన పరీక్ష. ఎక్కువగా వుంటే అప్పుడు పి.టి.హెచ్. చూస్తారు. ఇక్కడొక కిటుకు వుంది. కాల్షియం ఎక్కువగా వున్నప్పుడు పి.టి.హెచ్. బాగా తగ్గిపోవాలి. డబ్బా నిండితే ఇల్లాలు ఇంకా గాదె దగ్గర ఎందుకుంటుంది? కాబట్టి కాల్షియం పెరిగి, పి.టి.హెచ్. 'నార్మల్' అని కాగితం మీద వచ్చినా అది నార్మల్ కాదు. ఆ కాగితం డాక్టరుకు చూపించాల్సిందే.

దీనికి అసలైన చికిత్స ఆపరేషనే. మొట్టమొదట 1925లో వియన్నా నగరంలో ఫెలిక్స్ మాండల్ అనే సర్జన్ ఒక ట్రాము కండక్టరుకు ఇలాంటి గడ్డ తీశాడు. ఇప్పుడు మెడకు అల్ట్రాసౌండు, సెస్టామిబి స్కాను చేసి గడ్డ ఎక్కడుందో ముందే పోల్చుకుంటారు. అనుభవం వున్న సర్జన్ చేతిలో నూటికి 95 మందికి నయమవుతుంది. రాళ్ళు వున్నవారికి, ఎముకలు గుల్లబారిన వారికి, యాభై ఏళ్ళ లోపు వారికి, మూత్రపిండాల పని తగ్గుతున్న వారికి, కాల్షియం హద్దు కంటే ఒక మిల్లీగ్రాముకు పైగా పెరిగిన వారికి ఆపరేషను చెయ్యమంటారు. గడ్డ తీశాక కొన్నాళ్ళు ఎముకలు రక్తంలోని కాల్షియాన్ని ఆవురావురుమని లాగేసుకుంటాయి. ఆ రోజుల్లో ఇచ్చే కాల్షియం బిళ్ళలు మానకూడదు.

ఎండ తగలక పెరిగితే

మన ఇళ్ళల్లో పి.టి.హెచ్. పెరగడానికి ఎక్కువగా కనిపించే కారణం డి విటమిన్ లోపం. డి విటమిన్ లేకపోతే తిన్న కాల్షియం పేగుల్లోంచి రక్తంలోకి ఎక్కదు. పాపం, ఇల్లాలు గాదెలోంచే తీసి సంసారం నడుపుతుంది. ఇందులో రక్తంలో కాల్షియం పెరగదు, మామూలుగానో కాస్త తక్కువగానో వుంటుంది. తొడలు, నడుము నొప్పి, మెట్లెక్కలేకపోవడం, కింద కూచుంటే లేవలేకపోవడం దీని లక్షణాలు. గ్రంథి తప్పు లేదు కాబట్టి ఆపరేషను అవసరం లేదు.

పొద్దుటి లేత ఎండ మంచిదని చాలామంది నమ్మకం. కాని డి విటమిన్ తయారు చేసే కిరణాలు లేత ఎండలో తక్కువ. పది దాటాక, మూడు లోపు వచ్చే ఎండలోనే అవి వుంటాయి. వేసవిలో వడదెబ్బ తగలకుండా పది పదకొండు మధ్య ఇరవై నిమిషాలు ముఖానికి, చేతులకు తగిలితే మేలు. ఇక తిండి సంగతి. మన ఉత్తరాంధ్ర వాళ్ళకు చోడి అంబలి వుండగా కాల్షియానికి కొదవేమిటి? 100 గ్రాముల చోళ్ళలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం వుంది. పెద్దవారికి రోజుకు కావలసింది దాదాపు 1000 మిల్లీగ్రాములు. గ్లాసుడు పాలు, గరిటెడు పెరుగు, చోడి అంబలి, కాస్త ఆకుకూర వుంటే చాలావరకు గట్టెక్కినట్లే.

ఒక హెచ్చరిక. 60,000 యూనిట్ల డి విటమిన్ పొడి పొట్లాలు సాధారణంగా వారానికి ఒకటి చొప్పున, కొన్ని వారాలు మాత్రమే వాడడానికి రాస్తారు. దాన్ని రోజుకొకటిగా వాడినవారు, ఇంజెక్షను మీద ఇంజెక్షను వేయించుకున్నవారు కాల్షియం పెరిగిపోయి వాంతులతో, మతి తప్పి ఆసుపత్రిలో చేరుతున్నారు. మూత్రపిండాలు కూడా దెబ్బ తింటాయి. డి విటమిన్ టానిక్కు కాదు, మందు. చీటీ మీద 'వారానికి' అని వుందో 'రోజుకు' అని వుందో రెండుసార్లు చదవండి.

మూత్రపిండాలు చెడితే

ఇప్పుడు కవిటి సోదరి దగ్గరకు వస్తున్నాను. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో పచ్చగా వుండే మన ఉద్దానం ఇది. ఉద్యానవనం అనే మాటే ఉద్దానం అయిందంటారు. అటువంటి చోట ఇంటింటా కిడ్నీ జబ్బు. 2019లో వెలువడిన ఒక అధ్యయనంలో, పరీక్షించిన పెద్దవారిలో నూటికి 18 మందికి ఈ జబ్బు వున్నట్లు తేలింది. వారిలో చాలామందికి చక్కెర జబ్బు లేదు, రక్తపోటు లేదు. నీళ్ళా, పురుగుమందులా, ఎండలో చెమటోడ్చే పనా, వంశమా అని ఎందరో పరిశోధించారు గాని, ఇదీ కారణం అని ఒక్కటి ఇంతవరకు రుజువు కాలేదు. కాళ్ళవాపు లేకుండా, మూత్రంలో పెద్ద తేడా కనబడకుండా చాపకింద నీరులా వస్తుంది ఈ జబ్బు. అదే దీనిలో మోసం.

మూత్రపిండం చెడినప్పుడు రెండు జరుగుతాయి. తిండిలో వచ్చే భాస్వరం బయటికి పోక రక్తంలో నిలిచిపోతుంది. డి విటమిన్‌కు పదును పెట్టే చోటు మూతబడుతుంది. దాంతో కాల్షియం తగ్గుతుంది. ఇల్లాలు రాత్రింబవళ్ళు గాదె తవ్వుతూనే వుంటుంది. నాలుగు గ్రంథులూ ఉబ్బుతాయి. ఎముక గుల్లవుతుంది. నొప్పి, దురద మొదలవుతాయి. అక్కడ తీసిన కాల్షియం రక్తనాళాల గోడల్లో, గుండె కవాటాల్లో పేరుకుంటుంది. ఏళ్ళ తరబడి ఇలా సాగితే గ్రంథులు ఇక ఎవరి మాటా వినవు. ఇదమ్మా సంబంధం. మీ ఆయన మెడలో జబ్బు పుట్టలేదు. మూత్రపిండాల కష్టానికి మెడ స్పందిస్తోంది.

ఈ జబ్బులో కాల్షియంతోబాటు భాస్వరాన్ని కొలవాలి. రక్తంలో భాస్వరాన్ని రంగును బట్టి కొలిచే పద్ధతిని 1925లో అమెరికాలో సైరస్ ఫిస్కేతో కలిసి కనిపెట్టింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారే. ఎన్నో ఏళ్ళు ప్రపంచమంతా వాళ్ళిద్దరి పేరుతోనే ఆ పరీక్ష చేసింది.

ఇక చెయ్యవలసినవి:

మొదటిది: డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ వంటి నొప్పి బిళ్ళలు వాడకూడదు. మిగిలిన కాస్త మూత్రపిండాన్నీ అవి తినేస్తాయి. కడుపులో పుండ్లు పడి రక్తం పోతుంది. భరించలేకపోతే ఏం వాడాలో డాక్టరునే అడగండి. ఇంకా డయాలసిస్ దాకా రాని కిడ్నీ రోగులకైతే ఈ మాట మరీ ముఖ్యం. పొలం పని చేసి ఒళ్ళు నొప్పులని రోజూ బిళ్ళ మింగే అలవాటును ఉద్దానంలో ప్రతి ఇంటా మానుకోవాలి.

రెండవది: భాస్వరాన్ని పట్టి ఉంచే బిళ్ళలు అన్నం ముద్దతోబాటే మింగాలి. కాల్షియం బిళ్ళల్లో కొన్ని ఇందుకే ఇస్తారు. తిండిలో వున్న భాస్వరాన్ని పేగులోనే పట్టుకుని విరేచనంలో బయటికి పంపడం వాటి పని. ఖాళీ కడుపుతో వేసుకుంటే ఆ పని జరగదు, పైగా కాల్షియం రక్తంలోకి ఎక్కుతుంది. మీరు వేస్తున్న బిళ్ళ ఎవరు రాశారు, ఎప్పుడు వెయ్యమన్నారు అన్నది చూసుకోండి. సొంతంగా కొన్నదైతే డాక్టరుకు చూపించేవరకు ఆపండి.

మూడవది: తిండి. శీతలపానీయాలు, ముఖ్యంగా నల్లవి, పొట్లాల్లో అమ్మే నిలవ తినుబండారాలు పూర్తిగా మానాలి. వాటిలో కలిపిన భాస్వరం దాదాపు అంతా రక్తంలోకి పోతుంది. ముళ్ళతో సహా నమిలే ఎండుచేపలు వద్దు. పలాస జీడిపప్పు ఎంత పేరున్నదైనా గుప్పెళ్ళు గుప్పెళ్ళు వద్దు. చలవ అని కొబ్బరినీళ్ళు పట్టకండి. అందులో పొటాషియం ఎక్కువ. డయాలసిస్ రోగికి గుండె ఆగే ప్రమాదం వుంది. అలాగని పప్పు, గుడ్డు అన్నీ మాన్పించి మనిషిని ఎండగట్టకండి. డయాలసిస్ మీద వున్నవారికి మాంసకృత్తులు కావాలి. ఎంత అన్నది డాక్టరు చెబుతారు.

నాలుగవది: డయాలసిస్ మానకూడదు, గంట తగ్గించుకోకూడదు. కాల్షియం, భాస్వరం, పి.టి.హెచ్. డాక్టరు చెప్పిన గడువుకు చూపించుకోవాలి. పి.టి.హెచ్. సంఖ్య చూసి హడలిపోకండి. మామూలు మనిషి పైహద్దుకు రెండు నుంచి తొమ్మిది రెట్ల వరకు డయాలసిస్ రోగిలో ఒప్పుకుంటారు. అది ఎటు పోతోందన్నదే ముఖ్యం. పెరుగుతూ పోతే కాల్సిట్రయాల్, సినకాల్సెట్ వంటి మందులున్నాయి. వాటికీ లొంగకపోతే గ్రంథులు తీసే ఆపరేషను వుంది.

దూరం అని నిర్లక్ష్యం చెయ్యకండి. ఒకప్పుడు ప్రతిదానికీ విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రికి రైలెక్కవలసి వచ్చేది. ఇప్పుడు సోంపేట, కవిటి, పలాసల్లో డయాలసిస్ కేంద్రాలున్నాయి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. ఎముకల నొప్పిని మందులషాపు అబ్బాయికి కాదు, అక్కడి డాక్టరుకు చెప్పుకోండి.

గ్రంథులు లేకపోతే

దీనికి పూర్తిగా వ్యతిరేకం కూడా వుంది. థైరాయిడ్ ఆపరేషనులో ఈ చిన్న గ్రంథులు దెబ్బ తినడమో, పోవడమో జరగవచ్చు. కొందరిలో కొద్ది వారాలకే సర్దుకుంటాయి, కొందరిలో శాశ్వతంగా పనిచెయ్యవు. రక్తంలో కాల్షియం పడిపోతుంది. పెదవుల చుట్టూ, వేళ్ళ చివర తిమ్మిర్లు, చేతివేళ్ళు కొంకర్లు పోవడం, బి.పి. చూసేందుకు పట్టీ బిగిస్తే చెయ్యి ముడుచుకుపోవడం, చివరికి ఫిట్సు. చూసినవాళ్ళు ధనుర్వాతం అంటారు, మూర్ఛ అంటారు, గాలి సోకింది అంటారు. పాతబడితే కళ్ళలో శుక్లాలు కూడా వస్తాయి. థైరాయిడ్ ఆపరేషను అయిన వారెవరికైనా ఇలా వుంటే ఆ మెడ మీది మచ్చను డాక్టరుకు మొదట చూపించండి. కాల్షియం, కాల్సిట్రయాల్ క్రమంగా వాడితే హాయిగా బతకవచ్చు.

పాఠకుల ప్రశ్నలు

*బొబ్బిలి నుంచి ఒక పాఠకురాలు:* నాకు కాల్షియం 11.4 వుంది. ఆపరేషను చెయ్యాలన్నారు. అంతవరకు పాలు, పెరుగు మానెయ్యనా?

మానకండి. మీరు తినడం మానేస్తే గ్రంథి ఎముకలోంచి ఇంకా తీస్తుంది. మామూలుగా తినండి, నీళ్ళు బాగా తాగండి. సొంతంగా కాల్షియం, డి విటమిన్ బిళ్ళలు మాత్రం వేసుకోకండి. బి.పి.కి మూత్రం జారీ చేసే మాత్ర ఏదైనా వాడుతుంటే డాక్టరుకు చెప్పండి. వాటిలో కొన్ని కాల్షియాన్ని పెంచుతాయి.

*పార్వతీపురం నుంచి ఒక ఉపాధ్యాయుడు:* నాకు మూడుసార్లు మూత్రంలో రాళ్ళు వచ్చాయి. రాయి తీయించుకుంటే చాలదా?

రాయి తీయించుకోండి, మంచిదే. కాని రాయి ఎందుకు పుట్టిందో కనుక్కోకపోతే నాలుగోది తయారవుతుంది. రాళ్ళు వచ్చిన అందరికీ ఈ జబ్బు వుండదు. అయినా మూడుసార్లు వచ్చిందంటే కాల్షియం ఒకసారి చూడవలసిందే.

*నరసన్నపేట నుంచి ఒక పాఠకుడు:* మా అమ్మకు డెబ్బై. ఎముకల నొప్పులు వయసు వల్లనే అని వదిలేశాం. పరీక్ష అవసరమా?

వయసు ఒక కారణం కావచ్చు. కాని వయసు అనేది జబ్బు పేరు కాదు. కాల్షియం, భాస్వరం, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, క్రియాటినిన్, డి విటమిన్ చూపించండి. నేను ఒకసారి అడగకుండా వదిలేసిన ప్రశ్నే మీ చేత అడిగిస్తున్నాను. ఈసారి డాక్టరు దగ్గరకు వెళ్ళినప్పుడు అమ్మ పక్కన నిలబడి అడగండి: "కాల్షియం ఎంతుందో చూస్తారా డాక్టరుగారూ?"